మిర్చి ధరల గ్రూపు అడ్మిన్లు: పని మనది, జాగా కంపెనీది

గుంటూరు యార్డు ధరలు పంచుకునే వాట్సాప్ గ్రూపులో అడ్మిన్‌కి జీతం ఉండదు. ధర సరిచూడటం, దొంగ ప్రకటనలు తీసేయటం, తగవులు తీర్చటం అన్నీ ఊరికే చేసేవే. కాగితం లేని కౌలు లాంటిదిది: ఎరువు మనది, పొలం ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియదు. 2014 సెప్టెంబరు 30న గూగుల్ వారి సోషల్ సైటు ఆర్కుట్ మూతపడింది. 2023లో రెడిట్ అనే చర్చల సైటు, తన సమాచారం వాడుకునే బయటి యాప్‌లకు వెయ్యి ఏపీఐ కాల్స్‌కు (ఆ సమాచారం కోసం యాప్ పంపే అభ్యర్థనలకు) 0.24 డాలర్ల రేటు పెట్టింది. జూన్ 12 నుంచి అక్కడి వేలాది కమ్యూనిటీలను మోడరేటర్లు, అంటే మనలాగే జీతం లేని అడ్మిన్లు, మూసి నిరసన తెలిపారు. అయినా జులై 1న ఆ రేటు అమల్లోకి వచ్చింది. అందుకే మన కష్టం ఫలితం మన దగ్గర కూడా ఉండాలి.

ముందు ముగ్గురు అడ్మిన్లను పెట్టండి, వేర్వేరు ఊళ్లవాళ్లయితే మేలు. ఉన్న ఒక్క అడ్మిన్ వెళ్లిపోతే వాట్సాప్ తనంతట తనే ఎవరినో ఒకరిని అడ్మిన్ చేస్తుంది. ఆ ఎవరో సరుకు కొనేవారి మనిషి కావచ్చు. ముగ్గురూ టూ-స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టుకోవాలి. కొత్తవాళ్లను అడ్మిన్ ఒప్పుకున్నాకే చేర్చుకునే సెట్టింగ్ ఆన్ చేయండి. లింకు బయటికి పొక్కితే రీసెట్ చేయండి. గ్రూపు పరిమితి 1,024 మంది. 900 దాటగానే రెండో గ్రూపు మొదలుపెట్టండి.

ప్రతి నెలా 1న మూడు చుక్కలు, మోర్, ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, మీడియా లేకుండా దించుకోండి. ఏడాదికోసారి చేద్దామంటే కుదరదు. మీడియా లేకుండా సుమారు 40,000 మెసేజ్‌లే వస్తాయి, ఫొటోలతో 10,000 దగ్గరే ఆగిపోతుంది, పాతవి జారిపోతాయి. అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అసలు ఎగుమతే కాదు. మెసేజ్‌లు మాయమయ్యే టైమర్ కూడా ఆపి ఉంచండి.

చాట్ ఫైలు ఒక్కటే ఉంటే చాలదు, అందులో ధర వెతకటం గడ్డివాములో సూది వెతకటమే. విడిగా షీట్ పెట్టి తేదీ, రకం (తేజ, 334, 341, బాడిగ, తాలు), ఏసీ (కోల్డ్ స్టోరేజీ) సరుకా కాదా, నిమ్ము (తేమ) ఎంత, క్వింటాలుకు కనిష్ఠం, గరిష్ఠం, చెప్పినవారి పేరు రాయండి. నిమ్ము సంగతి రాయకపోతే ఒకే రోజు రెండు ధరలు కనిపించి జనం అడ్మిన్‌నే తప్పుపడతారు. షీట్ బయటివారికి ఇచ్చేముందు పేర్లు, ఫోన్ నంబర్లు తీసేయండి.

అందరూ వదిలేసేది గంటల లెక్క, నిజానికి అన్నిటికన్నా ముఖ్యం అదే. ఎవరు, ఏ పని, ఎన్ని నిమిషాలు అని నోటుబుక్‌లో రాయండి. రోజుకు 45 నిమిషాలంటే నెలకు 22 గంటల 30 నిమిషాలు. నెలలో ఒకరి పేరు మీద 20 గంటలు దాటితే ఆ వారమే ఉదయం, సాయంత్రం వంతులు మార్చండి. యార్డుకు సెలవుండే శని, ఆదివారాల్లో ధరల వంతు ఎవరికీ వేయకండి.