ట్రైలర్ ఇల్లు, ఐదో పాఠం: నొగ మీద బరువు

కిందటి పాఠంలో "బరువైన సామాను ఇరుసుకు దగ్గరగా సర్దుకోవాలి" అని రాసి ఊరుకున్నాను. ఇరుసుకు ముందా వెనకా అన్నది చెప్పకపోవడం నా పొరపాటే. ఒంగోలు పాఠకుడొకరు మైపాడు బీచికి హాయిగా వెళ్లి, తిరుగు ప్రయాణంలో కావలి దాటాక, లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టిందనీ, వెళ్లేటప్పుడు లేని జబ్బు వచ్చేటప్పుడు ఎలా పట్టుకుందనీ అడిగారు. అందువల్ల ఈ వారం చెప్పవలసిన వైరింగును పక్కన పెడుతున్నాను.

ట్రైలర్ ముందుకు చాచుకొని కారు కొక్కేనికి తగిలే ఇనుప భాగాన్ని నేను నొగ అనే పిలుస్తాను. ఎడ్లబండి తోలినవారికి ఇది కొత్త సంగతి కాదు; బస్తాలు వెనక్కు పడితే కాడి ఎద్దుల మెడ మీంచి పైకి లేస్తుంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం నొగ మీద ఉండాలి; తగ్గితే ట్రైలర్ తోక ఊపుతుంది. కారు కొక్కెం అంత మోయలేనిదైతే సామానే తగ్గించుకోవాలి.

పై పాఠకుడి లెక్క చూడండి. ఇరుసుకూ కొక్కేనికీ నడుమ 3 మీటర్లు. బయలుదేరినప్పుడు మొత్తం 800 కిలోలు, నొగ మీద 90. ఇరుసుకు మీటరు ముందున్న 60 లీటర్ల నీళ్ల తొట్టి మైపాడులో ఖాళీ అయింది. బరువును ఇరుసు నుంచి దూరంతో గుణించి ఆ 3 మీటర్లతో భాగిస్తే, నొగ మీద 20 కిలోలు తగ్గాయి. ఇరుసు మీదున్న 40 కిలోల సంచులను, ఇసుక తగలకూడదని, మీటరున్నర వెనక్కు మార్చారు; మరో 20 పోయాయి. ఇక మిగిలింది 50, అంటే మొత్తం 740లో ఏడు శాతమైనా లేదు.

"నొగ బరువెక్కితే చేత్తో ఎత్తలేం కదా, అందుకే వెనక్కు నెట్టాం" అన్నవారూ ఉన్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒంటి చేత్తో లేచే నొగ రోడ్డెక్కరాదు. ఎత్తడానికి చక్రమున్న జాకీ ఉంది. దానికి నడుం నొప్పి రాదు. గ్యాస్ సిలిండరు, బ్యాటరీ నేను ముందువైపే పెడతాను. స్టెప్నీని వెనక తలుపుకు తగిలించడం చూడ్డానికి ఎంత బాగున్నా నాకు నచ్చదు. దారిలో ఊపు మొదలైతే స్టీరింగు తిన్నగా పట్టుకొని యాక్సిలరేటరు మీంచి కాలు తీయండి. బ్రేకు తొక్కకండి, వేగం పెంచి సరిచేద్దామనీ చూడకండి.

తూకానికి బియ్యం కొట్టులోని బస్తాల కాటా చాలు. చక్రాలకు అడ్డాలు పెట్టి, కాటా మీద దుంగ నిలబెట్టి, కారుకు తగిలించినప్పటి ఎత్తులోనే నొగను దానిమీద ఆనించాలి. మొత్తం బరువును వేబ్రిడ్జి మీద, కారు విప్పి, చూసుకోవాలి.

అభ్యాసం: తొట్టి నిండుగా, సగం, ఖాళీగా ఉన్నప్పుడు నొగను మూడుసార్లు తూచండి. తర్వాత సామాను లేని ట్రైలర్ నొగ బరువూ, ప్రతి సామాను బరువూ, ఇరుసు నుంచి ముందుకో వెనక్కో దాని దూరమూ రాసుకొని, ఆ మూడు అంకెలూ కాగితం మీదనే మళ్లీ రాబట్టండి. ఐదు కిలోలకు మించి తేడా వస్తే ఎక్కడో ఒక సంచిని మరిచారు.