పాత జీపు, రెండు లివర్లు – పాఠం 4: ఫోర్ వీల్ లివరు జారిపోతుంటే ముందు పిన్ను చూడండి

పోయిన పాఠంలో ట్రాన్స్‌ఫర్ బాక్సు (ఇంజిను బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) ఆయిల్ మార్చి, దాని చుట్టూ పేరుకున్న బురదంతా గీకి కడగమన్నాను. కడిగారా? కడక్కపోతే ఇవాళ చెప్పేదేదీ మీకు కనబడదు, ముందు ఆ పని కానిచ్చి రండి.

ఈసారి లివర్ల సంగతి. గేరు లివరు పక్కన పొట్టిగా రెండు ఉంటాయి కదా, ఒకటి ముందు చక్రాలను కలపడానికి, రెండోది హై (మామూలు వేగం), న్యూట్రల్, లో (నెమ్మది, బలం ఎక్కువ) మార్చుకోవడానికి. ఇది స్పైసర్ 18 రకం బాక్సు. 1941 నాటి విల్లీస్ యుద్ధ జీపులో ఉన్నదే, ఆ వంశంలో పుట్టిన మన మహీంద్రా పాత జీపుల్లో చాలావాటికి వచ్చింది. మారుతి జిప్సీ వాళ్ళకి ఒకటే లివరు, ఆ లెక్క వేరు, ఈ పాఠం వాళ్ళకి సగమే పనికొస్తుంది.

మా మావయ్య మదనపల్లె దగ్గర తోటలో వాడిన జీపుని నేను బెంగళూరు తెచ్చుకున్నప్పుడు దాని జబ్బు ఒకటే. ఫోర్ వీల్‌లో వేసి మట్టిలో రెండు కుదుపులు తినగానే లివరు దానంతటదే టప్పున బయటికి వచ్చేసేది. ఇక్కడ ఒక మెకానిక్ చూసి, గేర్ల పళ్ళు అరిగాయి సార్, బాక్సు దించాలి, 18,000 అవుతుంది అన్నాడు. నేనూ నమ్మాను, డబ్బులు లేక ఆగాను, అదే మంచిదయింది. చివరికి పోయింది లివరు ఊగే పిన్ను, దాని కన్నంలో కూర్చునే రెండు బుష్‌లు (లోహపు గొట్టం ముక్కలు). లేత్ కూలీతో కలిపి 700 రూపాయలు.

ఎందుకలా అవుతుందో అర్థమైతే మిగతా పనంతా తేలిక. లివరు అంటే ఊళ్ళో బోరింగు పంపు చెయ్యిలాంటిదే. మధ్యలో ఒక పిన్ను, పైన పొడుగు చెయ్యి, కింద పొట్టి కొన. ఆ కొన బాక్సులోంచి ముందుకి పొడుచుకొచ్చిన రాడ్డు గాడిలో కూర్చుని దాన్ని ముందుకీ వెనక్కీ లాగుతుంది. బోరింగు పిన్ను అరిగితే ఎంత కొట్టినా నీళ్ళు సగమే వస్తాయి చూడండి, ఇక్కడా అంతే, మీ చెయ్యి పూర్తిగా కదిలినా రాడ్డు పూర్తిగా కదలదు. పళ్ళు సగమే పట్టుకుంటాయి, బరువు పడగానే జారతాయి. ఉదాహరణకి పిన్నుకి పైన 40 సెంటీమీటర్లు, కింద 5 సెంటీమీటర్లు అనుకోండి, కింద 2 మిల్లీమీటర్ల లూజు ఉంటే పైన చేత్తో పట్టుకునే గుండు దగ్గర 16 మిల్లీమీటర్లు ఊగుతుంది. అందుకే లివరు గలగలలాడుతుంటే, పాత బండి కదా అని వదిలెయ్యకండి.

పనిలోకి దిగేముందు ఒక్క మాట, ఇది సరదాకి చెప్పట్లేదు. ట్రాన్స్‌ఫర్ బాక్సు న్యూట్రల్‌లో ఉంటే మీరు ఫస్టు గేరులో పెట్టి ఆపినా బండి ఆగదు, ఇంజినుకీ చక్రాలకీ సంబంధమే తెగిపోయి ఉంటుంది. బనశంకరిలో మా వీధి వాలు మీద మా జీపు నిశ్శబ్దంగా వెనక్కి నడుచుకుంటూ పోయి ఎదురింటి ముగ్గు మీద ఆగింది, ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు. సమతలంలో పెట్టండి, హ్యాండ్ బ్రేకు వెయ్యండి, నాలుగు చక్రాలకీ రెండు వైపులా రాళ్ళు పెట్టండి. బండిని ఎత్తితే స్టాండు మీదే నిలబెట్టాలి, ఇటుకల మీద కాదు.

ఇప్పుడు, తప్పు లివర్లదేనా అని తేల్చుకోవాలి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిరిగి వచ్చాక లివరు బిగుసుకుపోతే అది జబ్బు కాదు. ఈ బాక్సులో ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ నేరుగా కలిసిపోతాయి, రెంటినీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తారు మీద టైరు జారదు, ఆ బిగుతంతా పళ్ళ మీద పడి లివర్ని పట్టేస్తుంది. కాస్త దూరం తిన్నగా రివర్సు తీస్తే వదులుతుంది. చాలామంది ఇక్కడ సుత్తి తెస్తారు, తేవద్దు.

ముందు చక్రాలకి లాకింగ్ హబ్బులుంటే (చక్రాన్ని ఇరుసు షాఫ్టుకి కలిపేవి, విడదీసేవి) అవి లాక్‌లో ఉన్నాయో లేదో కూడా చూడండి. హబ్బు తెరిచి ఉంటే లివరు ఎంత చక్కగా పడినా ముందు చక్రాలు లాగవు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చూడరు. ఫ్లోరు రేకు. బాక్సు కింద రబ్బరు మౌంటు కుంగినా, బాడీ కుంగినా, లివరు పోయి రేకు అంచుకి తగులుతుంది, ఇంకో వేలెడు కదలాల్సింది అక్కడే ఆగిపోతుంది. లివర్ల చుట్టూ ఉన్న రేకు స్క్రూలు తీసి పక్కన పెట్టి ఒకసారి వేసి చూడండి. ఇప్పుడు శుభ్రంగా పడిందా? అయితే మీ రోగం రేకుదో మౌంటుదో, పిన్ను జోలికి వెళ్ళకండి.

పడలేదంటే కింద దూరండి. ఇంట్లో ఎవరినైనా పైన కూర్చోబెట్టి లివర్ని మెల్లగా ఊపమనండి. మీరు టార్చి వేసి మూడు చోట్ల చూడాలి. పిన్ను మీద లివరు కన్నం ఊగుతోందా, లివరు కొన గాడిలో ఖాళీగా కొట్టుకుంటోందా, పిన్నే హౌసింగులో (దాన్ని పట్టుకున్న పెంకులో) కదులుతోందా. రాడ్డు కదలకుండా పైన గుండు ఎంత ఊగుతోందో టేపుతో కొలిచి గోడ మీద చాక్‌పీసుతో రాసుకోండి, పని అయ్యాక మళ్ళీ కొలుస్తాం.

లివర్లు తియ్యడం పెద్ద పనేం కాదు. పిన్ను కదలకుండా ఒక చిన్న స్క్రూ ఉంటుంది, మీ బండికి ఎవరైనా ఇదివరకు చెయ్యి పెట్టి ఉంటే దాని బదులు స్ప్లిట్ పిన్నో తీగ ముక్కో కనిపించొచ్చు. ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. స్ప్రింగులూ వాషర్లూ ఏ వరుసలో ఉన్నాయో ఫోన్లో ఫోటో తీసుకుని, ఇత్తడి కడ్డీ పెట్టి పిన్నుని తట్టి బయటికి తోయండి. గ్యాస్ మంట పెట్టకండి, పక్కనే రాడ్ల ఆయిల్ సీళ్ళున్నాయి, కాలిపోతాయి.

లివర్లు బయటికొచ్చాక అసలు పరీక్ష. చిన్న పట్టీతో రాడ్డుని చేత్తోనే జరపండి. ముందు ఫోర్ వీల్ రాడ్డు, అది పడ్డాకే లో రాడ్డు. ఈ వరుస మార్చి బలవంతం చేస్తే రాదు, ఎందుకంటే ముందు చక్రాలు కలవకుండా లో పడకూడదని రెండు రాడ్ల మధ్య ఒక చిన్న ఇనుప ముక్క అడ్డం పెట్టారు, లో గేరు బలమంతా వెనక ఇరుసు ఒక్కదాని మీదే పడకుండా. పళ్ళు ఎదురుబొదురుగా నిలబడి అడ్డం వస్తే జాయింటు షాఫ్టుని చేత్తో కాస్త కదిపి మళ్ళీ ప్రయత్నించండి. రాడ్డు టక్కుమని గుంటలో కూర్చున్నట్టు పడుతోందా? అక్కడ లోపల రాడ్డుని ఆపి పట్టే ఒక చిన్న ఇనుప గుండూ స్ప్రింగూ ఉంటాయి, ఆ చప్పుడు వాటిదే. టక్కుమంటే దాదాపు మీ బాక్సు బాగున్నట్టే, దించక్కర్లేదు. మెత్తగా జారితే స్ప్రింగు చచ్చింది, అది వచ్చే పాఠం.

పిన్ను మందాన్ని వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరం) నాలుగు చోట్ల కొలవండి. మధ్యలో నడుము సన్నబడి ఉంటుంది, వేలితో తడిమినా తెలుస్తుంది. కొత్త పిన్ను బెంగళూరు జేసీ రోడ్డులో అడగండి, దొరక్కపోతే లేత్‌లో తిప్పించండి. శివాజీనగర్ గుజిరీలో (పాత సామాన్ల బజారు) పాత లివరు కొనొచ్చు గానీ పాత పిన్ను మాత్రం వద్దు, మీది అరిగినట్టే అదీ అరిగి ఉంటుంది. లివరు కన్నం కోలగా అయిపోయి ఉంటే లేత్ మేస్త్రీతో గుండ్రంగా బోర్ చేయించి గన్‌మెటల్ బుష్ కొట్టించండి, గ్రీజు పోయే కన్నం బుష్‌కి కూడా పెట్టమని గట్టిగా చెప్పండి, మర్చిపోతారు. పిన్ను చేత్తో నెడితే జారాలి, ఊపితే ఆడకూడదు. లివరు కొన అరిగితే వెల్డింగు పోసి ఆకురాయితో సరిచేసుకోవచ్చు, కానీ గాడిలో బిగిసిపోయేలా చెయ్యకండి, వెంట్రుకంత ఖాళీ లేకపోతే రాడ్డు తన గుంటలో తాను కుదురుకోలేదు.

బిగించేటప్పుడు ఫోటో చూసుకుని తీసిన వరుసలోనే పెట్టండి, లాక్ స్క్రూ మర్చిపోకండి, గ్రీజు బయటికి కనిపించేదాకా కొట్టండి. లివర్ల రబ్బరు చినిగి ఉంటే అదీ మార్చాలి, లేకపోతే ఇసుక గ్రీజులో కలిసి కొత్త బుష్‌ని మళ్ళీ నూరేస్తుంది. ఇప్పుడు టేపు పెట్టి కొలవండి. మా జీపుకి ముందు 30 మిల్లీమీటర్లు ఊగేది, తర్వాత 6 వచ్చింది.

ఈ వారం పని: ఏదైనా ఖాళీ మట్టి నేల చూసుకుని ఫోర్ వీల్ వేసి, నెమ్మదిగా ఒక గుంటలోకి దిగి ఎక్కండి, లివరు మీద చెయ్యి పెట్టకుండా. జారితే ఏ గేరులో, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా రాసుకోండి. వచ్చే పాఠంలో గుండూ స్ప్రింగూ విప్పేటప్పుడు ఆ కాగితం కావాలి.