కొత్త లింట్ రూల్‌ని టెస్ట్ చేసే ముందు జాగ్రత్తలు

ఆటోమేటెడ్ టెస్టుల్లో ఎవరైనా ఇట్.ఓన్లీ (ఈ ఒక్క టెస్టే నడపమని చెప్పే it.only) వదిలేస్తే పట్టుకునేలా, జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు వెతికే ఈఎస్‌లింట్ టూల్‌కి ఒక రూల్ రాశారనుకుందాం. అది ఒక్కటి మిగిలిపోయినా ఆ ఫైల్లో మిగతా టెస్టులు నడవవు, రిపోర్టు మాత్రం పచ్చగానే కనిపిస్తుంది. కాబట్టి ఈ రూల్ నమ్మకంగా ఉండాలి. రూల్‌ని పరీక్షించడానికి ఈఎస్‌లింట్ ఇచ్చే రూల్‌టెస్టర్ నడిపే ముందు ఇవి చూసుకోండి.

• తప్పు కోడ్ కంటే సరైన కోడ్ ఉదాహరణలే ఎక్కువ పెట్టండి. కామెంట్లోనో స్ట్రింగ్‌లోనో ఇట్.ఓన్లీ అని ఉంటే రూల్ పట్టకూడదు. టెస్టులతో సంబంధం లేని ఆబ్జెక్టుకి ఓన్లీ అనే మెథడ్ ఉన్నా అంతే. ఊరికే ఎర్రగీత గీసే రూల్‌ని టీమ్ ఆపేస్తుంది, ఆ తర్వాత అసలు తప్పులూ దాటిపోతాయి.
• టెస్టుల గుంపుకి వాడే డిస్క్రైబ్.ఓన్లీని, it['only'] అని స్క్వేర్ బ్రాకెట్లతో రాసే రూపాన్ని మరవద్దు.
• ఎన్ని తప్పులు దొరికాయన్న లెక్క ఒక్కటే చాలదు. ఏ హెచ్చరిక వచ్చిందో చెప్పే మెసేజ్ ఐడీ, లైన్, కాలమ్ కూడా సరిచూడండి.
• రూల్ తానే కోడ్ సరిదిద్దేదైతే, సరిదిద్దాక కోడ్ ఎలా ఉండాలో అవుట్‌పుట్‌గా రాయండి. ఈఎస్‌లింట్ 7వ వెర్షన్ నుంచి అది లేకపోతే టెస్ట్ ఫెయిలవుతుంది.
• ఫైల్ పేరు చూసి పనిచేసే రూలైతే టెస్టు ఉదాహరణలో ఫైల్‌నేమ్ కూడా ఇవ్వండి.
• రూల్‌లో రిపోర్ట్ చేసే లైన్ తాత్కాలికంగా తీసేసి నడపండి. అప్పుడూ టెస్టులు పాసైతే వాటిని మళ్లీ రాయాల్సిందే.