జూన్ నెల క్యారేజీ: పొయ్యి దగ్గర నుంచి పిల్లల నోటి దాకా ఐదున్నర గంటలు

జూన్ రెండో వారంలో బడులు తెరిచేనాటికి రోహిణి కార్తె వెళ్ళిపోయి మృగశిర వచ్చి ఉంటుంది గానీ, నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఎండ మాత్రం తగ్గదు. మన వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరులో గానీ మొదలుకావు కాబట్టి, తొలి వారాల క్యారేజీని వేసవి వంటగానే లెక్కించాలి. ఉదయం ఏడింటికి సర్దిన అన్నాన్ని పిల్లలు పన్నెండున్నరకు తింటారు. ఏది బలమైన ఆహారమో ఆలోచించే ముందు, ఆ ఐదున్నర గంటల వేడిని ఏది తట్టుకుంటుందో ఆలోచించాలి.

అన్నం విషయంలో మనకు అనుమానమే రాదు. అసలు జాగ్రత్త అక్కడే అవసరం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి నిలిచినప్పుడు అవి మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందువల్ల రాత్రి గిన్నెలో బయటే మిగిలిపోయిన అన్నానికి పొద్దున్నే తాలింపు పెట్టి పులిహోరగా పంపడం మంచిది కాదు. ఉదయం వండిన అన్నాన్ని కూడా పొగలు కక్కుతుండగానే డబ్బాలో వేసి మూత బిగించకూడదు. ఆవిరి నీరై కారి, లోపల గంటల కొద్దీ గోరువెచ్చదనం నిలుస్తుంది. పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పదిహేను నిమిషాలు ఆరనిచ్చి సర్దాలి. వేడి నిలిపే ఫ్లాస్కు డబ్బా ఉన్నవారు దీనికి పూర్తిగా విరుద్ధంగా చేయాలి: డబ్బాలో ముందు మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలుంచి, పారబోసి, పొయ్యి మీద నుంచి దించిన అన్నాన్ని అలాగే నింపాలి. 60 డిగ్రీలకు పైన వేడి నిలిస్తే క్రిములు పెరగవు. ఈ రెండు పద్ధతుల మధ్యనున్న గోరువెచ్చని అన్నమే ప్రమాదకరం.

నిమ్మకాయ, చింతపండు పులుపు కలిసిన అన్నం తక్కినవాటి కంటే నిలుస్తుంది. పొదలకూరు నిమ్మకాయలు చేతికందే మనకు ఇది తేలికే. రసం మాత్రం పొయ్యి ఆర్పాకనే పిండాలి, లేకపోతే విటమిన్ సి వేడికి నశిస్తుంది. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒకే చెంచా వేసి, మధ్యాహ్నానికి పుల్లబడకుండా చూడటం చాలా ఇళ్ళలో అలవాటు. ఆ పులుపే క్రిములను అడ్డుకునేది కనుక, ఎండ తగ్గేదాకా పెరుగు కాస్త ఎక్కువ వేయడమే మేలని నా అభిప్రాయం. గడ్డకట్టించిన చిన్న నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి డబ్బా పక్కన పెడితే మరింత భరోసా. కొబ్బరి పచ్చడి జోలికి మాత్రం పోవద్దు. ఒక జూన్‌లో నేను పంపిన కొబ్బరి పచ్చడి సాయంత్రానికి తీగలు సాగుతూ తిరిగివచ్చింది. నెల్లూరు చేపల పులుసు మర్నాటికే రుచి అన్న మాట ఇంట్లో చెల్లుతుంది గానీ, తొందరలో తినే పిల్లలకు ముళ్ళ బెడద ఉంటుంది కాబట్టి క్యారేజీకి వద్దు. ఉడికించిన గుడ్డును పెంకుతోనే పంపి, బడిలో ఒలుచుకోమనాలి.

పదిన్నర గంటల విరామానికి ఒంగోలు చుట్టుపక్కల పండే శనగలతో గుగ్గిళ్ళు చక్కగా సరిపోతాయి. నీళ్ళు పూర్తిగా వార్చి, కొబ్బరి వేయకుండా తాలింపు పెట్టి, నిమ్మరసం చల్లితే వాటిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రాగిపిండి, బెల్లంతో చేసిన ఉండ పొడిగా ఉంటుంది, పాడవదు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

పులిహోరను స్టీలు డబ్బాలోనే పెట్టాలి, అల్యూమినియం పనికిరాదు. రాగి సీసాలో మజ్జిగ గానీ నిమ్మరసం గానీ పోయకూడదు. మూతలోని రబ్బరు వాషరును రోజూ ఊడదీసి కడిగి ఎండబెట్టకపోతే, పై జాగ్రత్తలన్నీ దాని కిందే వృథా అవుతాయి.

కనిగిరి, పొదిలి వైపు బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ఊళ్ళున్నాయి. కాచితే క్రిములు పోతాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. అక్కడివారు తాగడానికే కాదు, అన్నం వండటానికి కూడా శుద్ధిచేసిన నీటినే వాడాలి.

అన్నం వాసన వచ్చినా, జిగురుగా అనిపించినా తినవద్దని, అలా తిరిగి తెస్తే కోప్పడబోమని పిల్లలకు ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడాలి. తిట్లకు భయపడే పిల్లలు పాడైన అన్నాన్ని కూడా కళ్ళు మూసుకుని మింగేస్తారు. వాంతులు మొదలైతే ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసిన కొలత నీటిలో కలిపి గుక్కెడు గుక్కెడుగా తాగించాలి. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపవచ్చు. నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, మూత్రం తగ్గినా ఇంట్లో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.