బబుల్ దాటిన ఆటగాడికి శిక్ష ఎలా వేయాలి: టీమ్ మేనేజర్లకు కొన్ని మాటలు

రాత్రి పదకొండున్నరకి హోటల్ సెక్యూరిటీ నుంచి ఫోన్. "సార్, మీ కుర్రాడొకడు గేటు దగ్గర బిర్యానీ పార్సిల్ తీసుకుంటున్నాడు."

2021లో ఒక చిన్న టీ20 టోర్నీకి నేను టీమ్ మేనేజర్‌ని. కొవిడ్ అంటకుండా జట్టంతా బయటివాళ్లని కలవకుండా హోటల్లోనే ఉండే ఏర్పాటుని బబుల్ అనేవాళ్లం, మావాడు దాటింది అదే. కోపంలో మాస్కు కూడా పెట్టుకోకుండా లిఫ్ట్ దిగి, లాబీలోనే వాణ్ని పట్టుకుని, రెండడుగుల దూరంలో నిలబడి చెడామడా తిట్టేశాను. తెల్లారేసరికి మా డాక్టరుగారు వాణ్నీ నన్నూ చెరో గదిలో పెట్టి తలుపు వేసేశారు. మేనేజర్ లేకుండా మావాళ్లు రెండు మ్యాచ్‌లు ఆడారు, రెండూ గెలిచారు, అది వేరే సంగతి.

ఆ గదిలో కూర్చుని ఆలోచించుకున్నవీ, ఆ తర్వాత నాలుగు చోట్ల చూసి నేర్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. కొవిడ్ పోయింది కదా, ఇప్పుడెందుకీ గోల అంటారేమో. ఇంకో వైరస్ వచ్చి హోటల్ గేట్లు మూసేశాక రూల్స్ రాసుకుందామంటే, అప్పుడు ఎవరి పేరు మనసులో పెట్టుకుని రాస్తున్నారో అందరికీ తెలిసిపోతుంది. ఎవరూ తప్పు చేయని రోజున కూర్చుని రాసుకోవాలి.

ముందు గది, తర్వాత మాట

ఎవడైనా బబుల్ దాటాడని తెలిసిన వెంటనే చేయాల్సిన పని ఒక్కటే, వాణ్ని వేరే గదిలోకి పంపడం. తిట్టడం, నిలదీయడం, కెప్టెన్‌ని పిలవడం అన్నీ ఆ తర్వాతే, అదీ ఫోన్‌లోనే. నాలాగా లాబీలో కోర్టు పెట్టకండి.

ఈ గదిలో పెట్టడం శిక్ష కాదు. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "ఐదు రోజులు క్వారంటైన్‌లో ఉన్నాడుగా, ఇంకేం శిక్ష?" అని ఒకడంటాడు, "కావాలని వెళ్లలేదు కదా, క్వారంటైన్ ఎందుకు?" అని ఇంకొకడంటాడు. రెండూ తప్పే. వైరస్‌కి ఉద్దేశాలతో పనిలేదు. స్కాన్ కోసం పర్మిషన్ తీసుకుని ఆసుపత్రికి వెళ్లొచ్చినవాడికీ అంటుకోవచ్చు, దొంగచాటుగా పార్టీకి వెళ్లినవాడికి ఏమీ కాకపోవచ్చు. కాబట్టి ఎన్నాళ్లు విడిగా ఉంచాలో డాక్టరు చెబుతాడు, ఎంత శిక్ష వేయాలో కమిటీ చెబుతుంది. రెండూ రెండు కాగితాల మీద, రెండు సంతకాలతో ఉండాలి.

2020 జులైలో జోఫ్రా ఆర్చర్ విషయంలో ఇంగ్లండ్ బోర్డు చేసింది చూడండి. వెస్టిండీస్‌తో మొదటి టెస్టు సౌతాంప్టన్‌లో అయ్యాక, ఆటగాళ్లు ఎవరి కార్లలో వాళ్లు మాంచెస్టర్ వెళ్లాలి. ఇతను దారి మళ్లి హోవ్‌లో తన ఇంటికి వెళ్లొచ్చాడు. రెండో టెస్టు మొదలవడానికి కొన్ని గంటల ముందు జట్టులోంచి తీసేశారు. ఐదు రోజులు ఐసొలేషన్, ఈలోగా రెండు కొవిడ్ పరీక్షలు నెగటివ్ రావాలి, ఇది డాక్టర్ల లెక్క. ఆ తర్వాత విడిగా విచారణ పెట్టి, ఎంతో బయటపెట్టకుండా జరిమానా వేసి, రాతపూర్వకంగా వార్నింగ్ ఇచ్చారు. మూడో టెస్టు ఆడాడు. పది రోజుల్లో మొత్తం ముగిసిపోయింది. నా దృష్టిలో ఈ కథలన్నిటిలోకీ పద్ధతిగా జరిగింది అదే.

కొన్నిసార్లు శిక్ష కాగితం ఖాళీగానే ఉండొచ్చు. అదే ఏడాది ఆగస్టులో పాకిస్తాన్ ఆటగాడు మహమ్మద్ హఫీజ్ సౌతాంప్టన్‌లో హోటల్ పక్కనే ఉన్న గోల్ఫ్ కోర్సులో తొంభై దాటిన ఒక పెద్దావిడతో ఫొటో దిగి, స్వయంగా తనే ట్విట్టర్‌లో పెట్టుకున్నాడు. దాక్కోవాలన్న ఆలోచన ఉన్నవాడు చేసే పని కాదది. అయినా గదిలో పెట్టి పరీక్షలు చేయాల్సిందే, చేశారు కూడా.

వీడియో చూసి తీర్పు చెప్పకండి

2021 కొత్త సంవత్సరం రోజున మెల్‌బోర్న్‌లో రోహిత్ శర్మ, రిషభ్ పంత్, శుభ్‌మన్ గిల్, పృథ్వీ షా, నవదీప్ సైనీ ఒక రెస్టారెంట్‌లో తింటుంటే, ఒక అభిమాని వీడియో తీసి బిల్లు తనే కట్టానని, పంత్ తనని కౌగిలించుకున్నాడని పోస్ట్ పెట్టాడు. ఇంకేముంది, రచ్చ రచ్చ. తర్వాత ఆ అభిమానే కౌగిలింత మాట వెనక్కి తీసుకున్నాడు. బయట కూర్చుని తినడానికి అనుమతి ఉంది, లోపలే సమస్య. అంటే అసలు ప్రశ్న "రెస్టారెంట్‌కి ఎందుకెళ్లారు" అన్నది కాదు, "ఏ టేబుల్ దగ్గర, ఎంతసేపు, ఎవరికి ఎంత దూరంలో" అన్నది. విచారణ జరుగుతుండగా ఐదుగురినీ మిగతా జట్టుకి దూరంగా ఉంచారు, అందరికీ నెగటివ్ వచ్చింది, జట్టుతోపాటే సిడ్నీ వెళ్లారు, నలుగురు 7వ తేదీన మొదలైన టెస్టు ఆడారు.

కాబట్టి విచారణలో అడగాల్సినవి చిన్న చిన్న ప్రశ్నలే. ఎన్నింటికి గది దాటావు, ఏ గేటు, ఎవరెవరు ఉన్నారు, మాస్కు ఉందా, తిరిగొచ్చాక ఎవరి పక్కన కూర్చున్నావు. చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే ఇంకెంతమందిని గదుల్లో పెట్టాలో దాన్నిబట్టే తేలుతుంది. సీసీటీవీ ఫుటేజీ మాత్రం అదే రాత్రి తీయించి పెట్టుకోండి, రెండు రోజులాగితే దానిమీద వేరేది రికార్డయిపోయిందంటారు.

అబద్ధానికి రెట్టింపు

మా బిర్యానీ కుర్రాడు నాతో అన్న మొదటి మాట, "అన్నా, కవర్ తప్ప ఏమీ ముట్టుకోలేదన్నా, రెండు నిమిషాలే." సీసీటీవీలో చూస్తే పన్నెండు నిమిషాలు. తెచ్చింది డెలివరీ బాయ్ కాదు, వాడి ఫ్రెండు. ఇద్దరూ బైకు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు, మాస్కులు గడ్డం కింద. నాకు కోపం తెప్పించింది బిర్యానీ కాదు, ఆ రెండు నిమిషాలు. ఎందుకంటే వాడి మాట నమ్మి ఉంటే డాక్టరుగారు వాణ్ని మర్నాడు ప్రాక్టీసుకి పంపేవారు.

2020 ఆగస్టులో క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టులో ఇంతకంటే ఘోరం జరిగింది. షికాగోలో జాక్ ప్లెసాక్, మైక్ క్లెవింజర్ అనే ఇద్దరు పిచర్లు (మన బౌలర్లలాంటివాళ్లు) రాత్రి బయటికెళ్లారు. ప్లెసాక్ దొరికిపోయాడు, వాణ్ని విడిగా కారులో ఇంటికి పంపారు. క్లెవింజర్ నోరు మెదపలేదు, జట్టుతోపాటే విమానమెక్కేశాడు. అదే జట్టులో కార్లోస్ కరాస్కో ఉన్నాడు, ఏడాది క్రితమే లుకేమియాకి, అంటే బ్లడ్ క్యాన్సర్‌కి, చికిత్స చేయించుకున్న మనిషి. ఇద్దర్నీ జట్టునుంచి పక్కన పెట్టారు. ఆ నెలాఖరుకి క్లెవింజర్‌ని వేరే జట్టుకి పంపేశారు.

రూల్స్‌లో ఈ ఒక్క వాక్యం తప్పకుండా రాసుకోండి: తనంతట తాను అదే రోజు వచ్చి చెబితే సగం శిక్ష, అడిగాక కూడా దాస్తే రెట్టింపు. జనం భయపడి దాచేస్తేనే ఊరంతా అంటుకుంటుంది. వచ్చి చెప్పినవాడి మీద అరిస్తే రెండోవాడు రాడు, అది కూడా నేను నేర్చుకున్న పాఠమే.

ఎంత వేయాలి

జరిమానా ఒక్కటే వేస్తే పెద్ద ఆటగాడికి అది టిప్పుతో సమానం. 2021 జనవరిలో మాస్కు లేకుండా పార్టీలో కనిపించినందుకు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ తన ఆటగాడు కైరీ ఇర్వింగ్‌కి 50,000 డాలర్లు ఫైన్ వేసింది. ఏడాదికి 3 కోట్ల డాలర్లు దాటి సంపాదించేవాడికి అదొక లెక్కా? కానీ దాంతోపాటు క్వారంటైన్ వల్ల ఆడలేకపోయిన మ్యాచ్‌ల జీతం కోసేశారు, అది 8 లక్షల డాలర్ల పైమాటే. తగిలింది అక్కడ. మీ దగ్గర కూడా జీతంలో శాతంగా లేదా మ్యాచ్ ఫీజులో భాగంగా రాసుకోండి, గుండుగుత్తగా లక్ష, రెండు లక్షలు అని రాస్తే కుర్ర ఆటగాడు అప్పులపాలవుతాడు, స్టారు నవ్వుకుంటాడు.

అలాగని ఆవేశంలో కొండంత శిక్షలు వేయకండి. 2021 జూన్‌లో శ్రీలంక ఆటగాళ్లు కుశాల్ మెండిస్, నిరోషన్ డిక్వెల్లా, దనుష్క గుణతిలక ఇంగ్లండ్‌లోని డర్హమ్ వీధుల్లో రాత్రిపూట తిరుగుతున్న వీడియో బయటికొచ్చింది. వెంటనే ఇంటికి పంపారు, అది సరే. తర్వాత అంతర్జాతీయ క్రికెట్‌కి ఏడాది, దేశవాళీకి ఆరు నెలల నిషేధం, ఒక్కొక్కరికి కోటి శ్రీలంక రూపాయల జరిమానా. 2022 జనవరికల్లా నిషేధం ఎత్తేశారు. గడువుకి ముందే ఎత్తేసే శిక్ష చూసి ఎవడు భయపడతాడు? మూడు మ్యాచ్‌లంటే మూడు మ్యాచ్‌లే, ఫైనల్ వచ్చినా సరే.

మెట్లుమెట్లుగా పెట్టుకోవడం తేలిక. ఐపీఎల్ 2022కి అప్పట్లో పత్రికల్లో వచ్చిన పద్ధతి ఇది: మొదటిసారి దాటితే ఏడు రోజుల క్వారంటైన్, ఆ మ్యాచ్‌ల డబ్బు రాదు, రెండోసారి దాని మీద ఇంకో మ్యాచ్ సస్పెన్షన్, మూడోసారి ఇంటికే, బదులు ఆటగాణ్ని కూడా ఇవ్వరు. ఆ చివరి ముక్క నాకు బాగా నచ్చింది. బదులు ఆటగాడు రాడంటే తోటివాళ్లే కాపలా కాస్తారు.

ఒకేసారి పదిమంది దొరికితే? అదీ జరిగింది. 2021 జులైలో ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో సెయింట్ జార్జ్ ఇల్లవారా డ్రాగన్స్ ఆటగాడు పాల్ వాన్ లాక్‌డౌన్‌లో ఇంట్లో పార్టీ పెడితే డజనుమంది సహచరులు వెళ్లారు. పార్టీ పెట్టినవాడికి 8 మ్యాచ్‌ల నిషేధం పడింది, క్లబ్బు కాంట్రాక్టు కూడా రద్దు చేసింది. వెళ్లినవాళ్లకి తలా ఒక మ్యాచ్, అదీ అందరికీ ఒకే వారం కాకుండా వంతులవారీగా, లేకపోతే మైదానంలో దిగడానికి మనుషులుండరు. పిలిచినవాడికీ వెళ్లినవాడికీ తేడా చూపించడం కూడా బాగుంది.

స్టారు, కోచ్, ఓనరు

అసలు టెన్షన్ ఇక్కడే. నెట్ బౌలర్‌ని ఇంటికి పంపడానికి ఎవరికీ చేతులు వణకవు. 2021 ఫిబ్రవరిలో కరాచీలో పాకిస్తాన్ సూపర్ లీగ్ జరుగుతుంటే పెషావర్ జల్మీ కెప్టెన్ వహాబ్ రియాజ్, కోచ్ డారెన్ సామీ ఇద్దరూ బబుల్‌లో లేని తమ ఓనరుని కలిశారు. మూడు రోజులు విడిగా ఉండాలన్నారు. అప్పీల్ చేసుకున్నారు, వార్నింగ్‌తో వదిలేశారు, వెంటనే జట్టులోకి వచ్చేశారు. మార్చి 4న, ఏడు కేసులు తేలాక లీగే ఆగిపోయింది. వీళ్లవల్లే ఆగిందని నేననడం లేదు. కానీ అది చూశాక మిగతా ఆటగాళ్లు రూల్స్‌ని ఎంత సీరియస్‌గా తీసుకుంటారు? జూన్‌లో అబుదాబిలో లీగ్ మళ్లీ మొదలైతే, అదే జట్టులో హైదర్ అలీ, ఉమైద్ ఆసిఫ్ బబుల్ దాటి ఫైనల్‌కి దూరమయ్యారు. హైదర్‌ని ఇంగ్లండ్ టూర్ నుంచీ తప్పించారు.

అందుకే అప్పీల్ వినే మనిషి జట్టు జీతం తీసుకునేవాడు కాకూడదు. ఓనరు ఫోన్ చేస్తే "మీ మాట కాగితం మీద పంపించండి సార్, కమిటీకి పెడతాను" అనండి. నూటికి తొంభైమంది పంపరు.

క్లబ్బునీ కోచ్‌నీ కూడా కలిపే శిక్షించాలి. అమెరికా ఫుట్‌బాల్ లీగ్ 2020లో పదేపదే రూల్స్ తప్పిన లాస్ వెగాస్ రైడర్స్ జట్టుకి 5 లక్షల డాలర్లు, కోచ్ జాన్ గ్రూడెన్‌కి లక్షన్నర డాలర్లు వేసి, కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక అవకాశాన్నే లాగేసుకుంది. మాస్కు గడ్డం కింద పెట్టుకునే కోచ్ మాట ఏ కుర్రాడూ వినడు.

వెళ్లే దారి కూడా ఉండాలి

తల్లికి బాగోలేదనో, బిడ్డ పుట్టిందనో వెళ్తానంటే ఎలా వెళ్లాలో, వచ్చాక ఎన్ని రోజులు గదిలో ఉండాలో ముందే రాసిపెట్టండి. తలుపు లేకపోతే గోడ దూకుతారు. 2020 జులైలో ఎన్‌బీఏ ఆటగాడు లూ విలియమ్స్ కుటుంబంలో మరణం అని పర్మిషన్ మీదే అట్లాంటా వెళ్లాడు. నేరుగా తిరిగొచ్చి ఉంటే నాలుగు రోజుల క్వారంటైన్‌తో పోయేది. దారిలో ఒక క్లబ్బులో ఆగాడు, ఫొటో బయటికొచ్చింది, పది రోజులు పడింది.

అదే ఏడాది నవంబరు 20న మన సిరాజ్ వాళ్ల నాన్నగారు హైదరాబాద్‌లో పోయారు. సిరాజ్ అప్పటికి ఆస్ట్రేలియాలో క్వారంటైన్‌లో ఉన్నాడు. ఇంటికెళ్తావా అని బోర్డు అడిగింది, ఉండిపోతానన్నాడు. ఆటో నడిపి పెంచిన తండ్రిని చివరిచూపు చూసుకోలేదు. సిరీస్ అయ్యాక శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా సమాధి దగ్గరికే వెళ్లాడు. "రెండు నిమిషాలే అన్నా" అన్నప్పుడల్లా నాకు సిరాజే గుర్తొస్తాడు. రూల్ పాటించినవాడు ఏం పోగొట్టుకున్నాడో తెలిస్తే, దాటినవాణ్ని ఊరికే వదిలేయడం ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

శిక్ష అయ్యాక

ఆర్చర్‌కి ఆ రోజుల్లో సోషల్ మీడియాలో జాతి పేరుతో తిట్లు వచ్చాయి, బోర్డుకి ఫిర్యాదు చేశాడు. శిక్ష వేసినవాళ్లే కాపాడాలి కూడా. గదిలో ఒంటరిగా ఉన్న కుర్రాడికి రోజుకి రెండుసార్లు ఎవరో ఒకరు ఫోన్ చేయాలి, ఫైన్ గురించి కాదు, తిన్నావా అని అడగడానికి. శిక్ష పూర్తయిన రోజు టీమ్ గ్రూపులో ఒక్క లైను పెట్టండి, ఫలానా అతను రేపట్నుంచి ప్రాక్టీసుకి వస్తున్నాడు అని. ఆ తర్వాత ఎవడైనా ఎగతాళి చేస్తే వాడికి కూడా వార్నింగ్.

మావాడికి మూడు మ్యాచ్‌లు పోయాయి, ఒకటి గేటు దాటినందుకు, రెండు ఆ రెండు నిమిషాలకి. మాస్కు లేకుండా దిగినందుకు నాకూ ఒక మ్యాచ్ ఫీజు కోశారు, కోయమని నేనే రాసిచ్చాను. విచారణలో చివర్లో "అసలెందుకెళ్లావురా" అని అడిగితే, "పదకొండు రోజుల్నుంచి అదే పనీర్ అన్నా" అన్నాడు. మెనూ తెప్పించి చూశాను, నిజమే. ఆ వారం నుంచి బుధ, ఆదివారాల్లో హోటల్ కిచెన్లోనే బిర్యానీ చేయించాం. అంత గొప్పగా ఉండేది కాదు, మసాలా తక్కువ, కానీ టోర్నీ అయ్యేవరకూ సెక్యూరిటీ నుంచి నాకు మళ్లీ ఫోన్ రాలేదు.