గేర్ సైకిల్ చైన్ జారుతుంటే, హైడ్రాలిక్ బ్రేక్ మెత్తబడితే ఏం చేయాలి?

దోమలపెంట దాటాక శ్రీశైలం రోడ్డు మలుపు మీద మలుపు తిరుగుతూ కృష్ణ దాకా దిగుతుంది. ఆ ఘాట్‌లో బ్రేక్ లివర్ వచ్చి హ్యాండిల్‌కు తగిలిందంటే సైకిల్‌ను ఆపడం కష్టం. అందుకే నల్లమల వైపు బయల్దేరే ముందు చైన్, గేర్లు, బ్రేకులు ఇంటి దగ్గరే చూసుకోవాలి. ముందు చైన్ పని ముగించండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బ్రేక్ ముట్టుకోండి. చైన్ నూనె ఒక్క చుక్క డిస్క్ మీద పడినా ప్యాడ్ల పట్టు పోతుంది.

చైన్ ఎందుకు జారుతోంది?

గట్టిగా తొక్కినప్పుడు చైన్ టక్కుమని జారితే వెంటనే గేర్ వైరు బిగించేయకండి. ఎక్కువగా వాడే ఒకటి రెండు పళ్ల చక్రాల మీదే జారుతుంటే చైనో, ఆ పళ్లో అరిగాయి. అన్ని గేర్లలోనూ తడబడుతుంటే వైరు పట్టు తప్పింది, లేదా గేర్లు మార్చే డిరైలర్ వేలాడే హ్యాంగర్ (చట్రానికి ఉండే చిన్న లోహపు కొక్కెం) వంగింది. సైకిల్‌ను బస్సు డిక్కీలో కుడిపక్కకు పడుకోబెట్టి తెచ్చారా? అయితే ముందు హ్యాంగరే చూడండి. వెనక నుంచి చూస్తే డిరైలర్ చిన్న చక్రాలు రెండూ నిలువుగా ఒకే గీతలో కనబడాలి.

అరుగుదల కొలవడానికి స్టీలు స్కేలు చాలు. సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టండి. కొత్త చైన్‌లో అక్కడి నుంచి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల మీద ఉంటుంది. అది అంగుళంలో పదహారో వంతు జరిగితే దాదాపు 0.5 శాతం అరిగినట్టు. 11, 12 స్పీడ్ (వెనక అన్ని పళ్ల చక్రాలున్న) చైన్లను అప్పుడే మార్చాలి. 8, 9, 10 స్పీడ్‌వి 0.75 శాతం దాకా ఆగుతాయి. ఎనిమిదో వంతు జరిగిందంటే వెనక పళ్లు కూడా అరిగే ఉంటాయి, కొత్త చైన్ వాటి మీద జారుతుంది.

చెల్కల ఎర్రదుమ్ములో తిరిగే సైకిళ్లకు నూనె తక్కువైతే ఎంత చేటో, ఎక్కువైనా అంతే. పైన తడిగా మిగిలిన నూనెకు దుమ్ము అంటుకుని ఆకురాయిలా లోహాన్ని తినేస్తుంది. ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేసి, పెడల్ తిప్పి, పైన ఉన్నదంతా పాత గుడ్డతో తుడిచేయండి.

కొత్త చైన్ ఎక్కించడం

మీ క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) ఎన్ని స్పీడ్‌లదో చైన్, దాని కొసలు కలిపే క్విక్ లింక్ కూడా అన్ని స్పీడ్‌లవే కొనాలి. పాత చైన్ సాగి ఉంటుంది కాబట్టి పక్కన పెట్టి పొడవు కొలవకండి, లింకులు లెక్కపెట్టండి. పాతది లేకపోతే, వెనక సస్పెన్షన్ లేని సైకిల్‌కు ఇలా చేయండి: డిరైలర్‌తో సంబంధం లేకుండా ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం చుట్టూ చైన్ తిప్పి, రెండు కొసలు కలిసే చోటుకు ఒక అంగుళం, అంటే ఒక లోపలి లింకు, ఒక బయటి లింకు కలిపి కోయండి.

డిరైలర్ పంజరంలో రెండు చిన్న చక్రాల మధ్య ఒక రేకు ముక్క ఉంటుంది. చైన్ దాని లోపలి వైపు నుంచి పోవాలి. బయటి నుంచి పోతే తొక్కినంతసేపూ గరగరమంటుంది. క్విక్ లింక్ తొడిగాక దాన్ని పై వరుసలోకి తెచ్చి, వెనక బ్రేక్ పట్టుకుని పెడల్‌ను గట్టిగా తొక్కితే అది టక్కున కూర్చుంటుంది.

తర్వాత గేర్లు. చైన్‌ను అతి చిన్న పళ్ల చక్రం మీద ఉంచి ఒక గేర్ మార్చండి. పైకి ఎక్కకపోతే గేర్ వైరు బిగువు మార్చే బ్యారెల్ అడ్జస్టర్‌ను అపసవ్యంగా పావు చుట్టు తిప్పండి, రెండు గేర్లు ఎక్కేస్తే సవ్యంగా. డిరైలర్ మీది ఎల్ స్క్రూ చైన్‌ను చక్రం పుల్లల్లో పడకుండా ఆపుతుంది. దీన్ని మాత్రం చూడకుండా రోడ్డెక్కవద్దు.

బ్రేక్ మెత్తబడితే

లివర్ స్పంజిలా ఉండి, నాలుగైదు సార్లు కొడితే గట్టిపడుతుంటే లోపల గాలి చేరింది. పంక్చర్ వేయడానికి సైకిల్ తలకిందులు చేసినప్పుడు లివర్ దగ్గరి గాలి పైపులోకి పోవడం మామూలే. నిలబెట్టి లివర్ పదేపదే కొట్టినా సరిపోకపోతే ఆయిల్ పట్టించాలి. లివర్ గట్టిగానే ఉన్నా హ్యాండిల్ దగ్గరికి వస్తోందంటే ప్యాడ్లు అరిగాయేమో చూడండి. షిమానో కంపెనీ ప్యాడ్ మీద 0.5 మి.మీ. పదార్థమే మిగిలితే, డిస్క్ 1.5 మి.మీ.కు తగ్గితే మార్చాల్సిందే. కీచుమని అరుస్తూ సరిగా ఆగకపోతే డిస్క్‌కు నూనె అంటింది.

ఆయిల్ విషయంలో రాజీ వద్దు. షిమానో, టెక్ట్రోలకు మినరల్ ఆయిల్. స్రామ్‌లో చాలావాటికి డాట్ ఫ్లూయిడ్. ఏది పోయాలో లివర్ మూత మీద చూడండి. నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా బైక్ స్పేర్ దుకాణంలో దొరికేది డాట్ ఫ్లూయిడే. దాన్ని మినరల్ ఆయిల్ బ్రేక్‌లో పోస్తే రబ్బరు సీళ్లు చెడిపోతాయి, బ్రేక్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

షిమానో బ్రేక్‌కు ఆయిల్ పట్టించే పద్ధతి ఇది:

1. చక్రం, ప్యాడ్లు తీసి పిస్టన్లను లోపలికి నెట్టి, వాటి మధ్య బ్లీడ్ బ్లాక్ (చిన్న ప్లాస్టిక్ దిమ్మ) పెట్టండి. అది లేకుండా లివర్ నొక్కితే పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి.
2. లివర్‌ను నేలకు సమాంతరంగా తిప్పి, పై స్క్రూ తీసి గరాటు బిగించండి.
3. బుడగలు లేకుండా నింపిన సిరంజిని క్యాలిపర్ (ప్యాడ్లు, పిస్టన్లు ఉండే భాగం) మీది ఆయిల్ ఎక్కించే నిపుల్‌కు తగిలించి, నిపుల్‌ను ఎనిమిదో వంతు చుట్టు వదులు చేసి మెల్లగా నొక్కండి. గరాటులో బుడగలు ఆగేదాకా నొక్కి నిపుల్ మూసేయండి.
4. లివర్ కొడుతూ, పైపును, క్యాలిపర్‌ను స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. లివర్‌ను కాస్త పైకీ కిందికీ వంచి మళ్లీ కొట్టండి. ఇక్కడ తొందరపడితే పనంతా వృథా, చిన్న బుడగలు చివర్లోనే వస్తాయి.
5. గరాటు తీసి, ఆయిల్ అంచుదాకా ఉండగానే స్క్రూ వేయండి. అది సున్నితమైనది, వేళ్ల బలమే చాలు.

కారిన ఆయిల్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే ప్యాడ్లు పెట్టండి. డిస్క్ రాసుకుంటుంటే క్యాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి, లివర్ నొక్కి పట్టుకుని, ఒకటి మార్చి ఒకటి 6 నుంచి 8 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి.

కొత్త ప్యాడ్లకు చదును రోడ్డు మీద ఓ మాదిరి వేగం నుంచి నడక వేగానికి ఓ ఇరవై సార్లు బ్రేక్ వేయండి, పూర్తిగా ఆగవద్దు. చివరగా లివర్‌ను బలంగా నొక్కి పట్టుకుని పైపు అతుకులను టిష్యూతో ఒత్తి చూడండి. తడి అంటితే నట్టు ఇంకా బిగించినా ఆగదు. లోపలి ఆలివ్ (పైపు చుట్టూ ఉండే రింగు), ఇన్సర్ట్ (పైపు కొసలో దూర్చే చిన్న గొట్టం) కొత్తవి వేసి మళ్లీ ఆయిల్ పట్టించాలి.