గోపురాన్ని చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: అంచు గీత

గత రెండు పాఠాలలో కట్టడం నేల మీద నిలిచే తీరును, అంటే అధిష్ఠానమనే అడుగు అరుగునూ దాని పైని గోడనూ, గమనించాం. ఈ పాఠంలో గోడ ముగిసిన చోటి నుంచి కలశం దాకా సాగే అంచు గీతను చదవడం నేర్చుకుందాం. ఆకాశం వెనుక ఉండగా కట్టడానికి ఇరుపక్కలా కనిపించే సరిహద్దునే అంచు గీత అంటున్నాను. ప్రవేశద్వారం మీద లేచే గోపురమైనా, గర్భగుడి మీద లేచే విమానమైనా, ఉత్తరాది పద్ధతి శిఖరమైనా, చివరకు ఊరి నీళ్ల ట్యాంకైనా ఈ గీత ఉండనే ఉంటుంది. శిల్పాలూ రంగులూ తర్వాతి సంగతి. ఒక గోపురం అందంగా ఉందా లేదా అన్నదానికి సగానికి పైగా సమాధానం ఈ గీతలోనే దొరుకుతుందని నా గట్టి నమ్మకం. పైకి పోయేకొద్దీ కట్టడం ఎలా సన్నబడుతోంది, ఆ సన్నబడటం చివరి రాయి దగ్గర ఎలా ఆగుతోంది అన్న రెండే ప్రశ్నలను ఈ పాఠమంతా వెంట పెట్టుకోండి.

ముందు చేతికి అలవాటు కావలసిన పని ఒకటుంది. కట్టడం ఎత్తుకు కనీసం రెండు రెట్ల దూరంలో నిలబడండి, ఎందుకంటే దగ్గరగా నిలిచి మెడ ఎత్తి చూస్తే పైభాగం కుదించుకుపోయి గీత ఉన్నదున్నట్టు కనిపించదు. ఒక కన్ను మూసి, చేయి పూర్తిగా చాచి, పెన్సిలును అడ్డంగా పట్టుకొని, శిఖరం అడుగు వెడల్పును బొటనవేలితో గుర్తు పెట్టండి. ఆ కొలత చెదరకుండా పెన్సిలును నిలువుగా తిప్పి, శిఖరం ఎత్తులో అది ఎన్నిసార్లు పడుతుందో చూడండి. ఈ పని చేస్తున్నంతసేపూ మోచేయి వంగకూడదు. ఆ తర్వాత మేస్త్రీలు వాడే తూకపు గుండు లాంటిదాన్ని దారానికి కట్టి, దారం శిఖరం అడుగు మూలకు ఆనినట్టు కనిపించేలా కళ్లముందు వేలాడదీయండి. పావు ఎత్తు దగ్గర అంచు దారం నుంచి ఎంత లోపలికి జరిగింది, సగం దగ్గర ఎంత, ముప్పావు దగ్గర ఎంత అన్నది కాగితం మీద మూడు చుక్కలుగా పెట్టి కలపండి. వచ్చిన గీతే మీరు చదవవలసిన పాఠం.

ఈ పనికి దక్షిణ తెలంగాణలో అలంపురాన్ని మించిన చోటు లేదు. తుంగభద్ర ఒడ్డున, ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్న నవబ్రహ్మ ఆలయాలను బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాలలో కట్టించారు. వాటిలో స్వర్గబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ వంటివి రేఖానాగర శిఖరాలు, అంటే వంపు తిరిగి లేచే ఉత్తరాది పద్ధతివి. ఎత్తులో ఇవి పెద్దవి కావు, దూరం నుంచి వచ్చేవారిని నిలబెట్టేంత ఆర్భాటం వాటికి లేదు. అయినా మూడు చుక్కలు పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సగం ఎత్తు దాకా అంచు దారానికి దగ్గరగానే ఉంటుంది, ముప్పావు దగ్గర లోపలికి తిరగడం మొదలవుతుంది, ఆ పైన త్వరత్వరగా వంగి మెడ దగ్గరికి చేరుతుంది. నాలుగు వెదురు బద్దలను నాలుగు మూలలా పాతి పైన ఒకచోట బిగించి కట్టినట్టు ఉంటుంది ఆ వంపు. బిగింపు ఉండబట్టే రాతి బరువు కూడా పైకి లేస్తున్నట్టు అనిపిస్తుంది. వంపు అడుగునే మొదలైతే శిఖరం కుప్పపోసినట్టు కూలబడేది, అసలే లేకపోతే దిమ్మెలా నిలిచేది.

ఇప్పుడు కొంచెం దగ్గరికి వెళ్లి మూలలను చూడండి. అంచు వెంట కొంత కొంత దూరానికి, చుట్టూ నిలువు గాట్లున్న చిన్న రాతి దిండ్లు కనిపిస్తాయి. వీటిని భూమి ఆమలకాలు అంటారు. ఒక్కొక్కటీ ఒక్కో అంతస్తు అక్కడితో ముగిసిందని సూచిస్తుంది. శిఖరం కొసన మెడ మీద కూర్చున్న పెద్ద ఆమలకం కూడా అదే రూపం. కింది మూలల్లో చిన్నగా చూసిన ఆకారాన్నే కన్ను పైన పెద్దగా, నిండు గుండ్రంగా చూస్తుంది. అంటే శిఖరం ఎలా ముగుస్తుందో అడుగు నుంచే చెబుతూ వచ్చారన్నమాట. నా దృష్టిలో అలంపురం శిల్పుల గొప్పతనమంతా ఈ ఒక్క ఏర్పాటులో ఉంది. ముఖం మధ్యలో గవాక్షాల అల్లిక నిలువుగా ఒక పట్టీలా పైకి పోతుంది, ముందు వైపు శుకనాస అనే ముక్కు లాంటి భాగం పొడుచుకు వచ్చి శిఖరానికి ఒక ముఖం ఉన్నట్టు చేస్తుంది. శుకనాస కనిపించే పక్క నుంచి ఒకసారి, వెనుక నుంచి ఒకసారి గీత గీయండి. ఒకే శిఖరానికి రెండు వేర్వేరు గీతలు వస్తాయి.

తొమ్మిదింటిలో తారకబ్రహ్మ ఒక్కటి ద్రావిడ పద్ధతిలో, అంటే దక్షిణాది పద్ధతిలో ఉంటుంది. దాని అంచు వంపు కాదు, మెట్లు. ఊరికి కొద్ది దూరంలో ఉన్న పాపనాశి ఆలయాలలో మరో పద్ధతి చూడవచ్చు. శ్రీశైలం జలాశయం ముంపు వల్ల విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టిన ఆ గుళ్లకు అడ్డపు పొరలు ఒకదానిపై ఒకటి చిన్నవవుతూ పిరమిడ్ రూపంలో పైకప్పులు ఉంటాయి. ఒక్క పూటలో మూడు రకాల అంచులూ గీయగల అవకాశం మన ప్రాంతంలో ఇంకెక్కడా దొరకదు, కాబట్టి వెళ్లేటప్పుడు కాగితాలు ఎక్కువగా తీసుకువెళ్లండి.

వంపు ఉంటేనే అందం అని దీన్నిబట్టి తీర్మానించకండి. 1010లో పూర్తయిన తంజావూరు బృహదీశ్వరాలయ విమానం 60 మీటర్లకు పైగా ఎత్తున్నా, దాని అంచు దాదాపు తిన్నని ఏటవాలు గీత. అది మొండిగా కనిపించకపోవడానికి కారణం పదమూడు అంతస్తుల చిన్న చిన్న మెట్లు. గీత తిన్నగా లోపలికి వాలుతున్నా ప్రతి అంతస్తు దగ్గరా ఒక క్షణం ఆగి సాగుతుంది, చివర ఎనిమిది పలకల శిఖరం (ద్రావిడ పద్ధతిలో కొసనున్న ఈ భాగాన్నే శిఖరం అంటారు) ఆ వాలును ఆపుతుంది. యాదగిరిగుట్టలో పునర్నిర్మాణం తర్వాత 2022లో తెరిచిన ఆలయంలోని ఏడంతస్తుల మహారాజగోపురాన్ని కూడా ఇలాగే చదవాలి. అది రంగులు వేసిన గోపురం కాదు, కృష్ణశిలతో కట్టినది. రంగుల సాయం లేనందువల్ల అంతస్తుకూ అంతస్తుకూ మధ్య గీతలను నీడలే గీయాలి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం పూట అంతస్తులు విడివిడిగా తేలుతాయి, మబ్బు పట్టిన రోజు మొత్తం ఒకే ముద్దగా కనిపిస్తుంది. రెండు వేళల్లోనూ చూసినవారికే ఆ గోపురం గురించి మాట్లాడే హక్కు ఉంటుందని నేను అంటాను. నల్లరాతి మీద అంచు గీతకు ఉన్నంత బరువు రంగులు పూసిన గోపురాల మీద ఉండదు, అక్కడ కన్ను బొమ్మల వెంట పోతుంది.

అంతస్తుల సంగతి మరింత స్పష్టంగా తెలియాలంటే ఢిల్లీలోని కుతుబ్ మీనార్ మంచి ఉదాహరణ. ఎత్తు 72.5 మీటర్లు, అడుగు వ్యాసం 14.3 మీటర్లు, పైన మూడు మీటర్ల లోపు. మొదటి అంతస్తు ఒంటిపై గుండ్రటి పట్టీ ఒకటి, కోణపు పట్టీ ఒకటి చొప్పున మారుతూ వస్తాయి. రెండో అంతస్తులో అన్నీ గుండ్రనివే, మూడో అంతస్తులో అన్నీ కోణాలే. కింద కలిపి చూపిన రెండింటినీ పైన విడదీసి చూపారు. పిడుగు పడిన తర్వాత ఫిరోజ్ షా తుగ్లక్ 14వ శతాబ్దంలో కట్టించిన పై రెండు అంతస్తులలో పాలరాయి చేరి ఒళ్లు నునుపైంది, చేయి మారినట్టు ఇట్టే తెలుస్తుంది. అయినా అంచు గీత తెగలేదు. కింది మూడు అంతస్తుల వాలునే పైవి కొనసాగించడం వల్ల మీనార్ మొత్తం ఒకే కట్టడంగా నిలిచింది.

ఇక ఊరి నీళ్ల ట్యాంకు. ఫ్లోరైడ్ ఉన్న భూగర్భ జలం వల్ల ఎన్నో కష్టాలు పడిన నల్లగొండ పల్లెలకు కృష్ణా నీటిని అందించే ఈ కట్టడాలను వికారమైనవని కొట్టిపారేయడం నాకు నచ్చదు. ఇక్కడ గీత తలకిందులవుతుంది, ఎందుకంటే బరువంతా పైనే ఉంది. తొట్టి అడుగు లోపలికి ఏటవాలుగా వంగి వచ్చే ట్యాంకులలో ఆ వాలు నీటి బరువును కింది వలయపు దూలం మీదికి, అక్కడి నుంచి స్తంభాల మీదికి దింపుతుంది. బరువు దిగే దారి కంటికి కనిపిస్తోంది కాబట్టి ఆ గీత నమ్మకం కలిగిస్తుంది. స్తంభాలను కలిపే అడ్డ దూలాల మధ్య ఎడం సమంగా ఉంటే ట్యాంకు తేలికగా నిలిచినట్టు ఉంటుంది, నిచ్చెనను తోచినచోట తగిలిస్తే ఆ తీరంతా చెడుతుంది.

వచ్చే పాఠం లోపు చేయవలసిన అభ్యాసం ఇది. మీ ఊరి ట్యాంకును ఒకటి, అందుబాటులో ఉన్న పాత గుడి శిఖరాన్ని ఒకటి ఎంచుకోండి. నల్లగొండ వారికి పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం దగ్గరే ఉంది. అది మూడు గర్భగుడులు ఒకే మండపంలోకి తెరుచుకునే త్రికూటం కాబట్టి ఏ మూల నుంచి చూసినా ఒకటి కంటే ఎక్కువ అంచులు కంటపడతాయి. వాటిలో ఒక్కదాన్నే ఎంచుకొని గీయండి. ట్యాంకునూ శిఖరాన్నీ ఒకే కాగితం మీద, ఒకే అడుగు వెడల్పుతో, పక్కపక్కన గీయాలి. లోపలి వివరాలేవీ వేయవద్దు, అంచూ అంతస్తుల అడ్డగీతలూ చాలు. ఎండ ఏ వైపు నుంచి పడుతోందో, సమయం ఎంతో కాగితం మూలన రాసి ఉంచండి. నాలుగో పాఠంలో ఆ గీతల లోపలే నీడలు నింపుతాం.